వంశం చెప్పే కిన్నెర: సినిమా సంగీతంలో అరుదైన వాద్యాన్ని వినే పద్ధతి

తెలుగు సినిమా పాట గురించి జరిగే చర్చ చాలావరకు సాహిత్యం, వరుస, గాయకుల గొంతు అనే మూడింటి చుట్టూనే తిరుగుతుంది. ఆ వరుసను పలికించిన వాద్యం ఏది, దాని స్థానంలో మరొకటి ఉంటే పాటకు ఏమి పెరిగేది, ఏమి తరిగేది అన్న ప్రశ్న అరుదుగానే వినిపిస్తుంది. 2021 సెప్టెంబరు 2న 'భీమ్లా నాయక్' చిత్రం శీర్షిక గీతం విడుదలైనప్పుడు ఆ ప్రశ్న మామూలు శ్రోతల దాకా వచ్చింది. అగ్రనటుడి సినిమాకు నాందిగా నిలిచిన ఆ పాట పెద్ద వాద్యబృందంతోనో, కంప్యూటరులో కూర్చిన దరువుతోనో కాక, నాగర్‌కర్నూలు జిల్లాకు చెందిన జానపద కళాకారుడు దర్శనం మొగిలయ్య గొంతుతోను, ఆయన చేతిలోని పన్నెండు మెట్ల కిన్నెరతోను మొదలు కావడమే దానికి కారణం.

సాగర్ కె. చంద్ర దర్శకత్వంలో, త్రివిక్రమ్ శ్రీనివాస్ రచనతో, ఎస్. తమన్ సంగీతంతో 2022 ఫిబ్రవరి 25న విడుదలైన ఈ చిత్రానికి కథాస్థలం కర్నూలు జిల్లాలోని నల్లమల అంచు. శ్రీశైలం దారిలో ఉన్న హాటకేశ్వరం పేరునే కథలోని పోలీసు స్టేషనుకు పెట్టారు. సినిమా వచ్చిన కొన్ని వారాలకే, అంటే 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనలో, శ్రీశైలం ప్రాంతం కర్నూలు నుంచి విడిపోయి నంద్యాల జిల్లాలో చేరింది గాని, కృష్ణానదికి ఇవతల శ్రీశైలం, ఆత్మకూరు అడవులు, అవతల అమ్రాబాదు అడవులు కలిసి ఒకే నల్లమలగా ఉండడం ఏ విభజనతోను మారలేదు. మొగిలయ్య ఊరు ఆ అవతలి గట్టున ఉంది. కనుక ఈ పాటలో వినిపించే వాద్యం కథాస్థలానికి పరాయిది కాదు, అదే అడవికి మరోవైపు బతికినది.

అరుదైన వాద్యాన్ని సినిమాలో వినగానే శ్రోతకు కలిగే ఆనందంలో కొత్తదనం పాలు ఎక్కువ. కొత్తదనం రెండు మూడుసార్లు వినేసరికి తగ్గిపోతుంది కాబట్టి, ఒక సంగీతానికి విలువ కట్టడానికి అది చాలదు. ఆ వాద్యం తన సమాజంలో ఏ పని చేస్తూ వచ్చిందో ఆ పనిని కథలో కూడా చేయగలిగిందా, లేక కూరలో కరివేపాకులా వాసనకు మాత్రమే వాడి పక్కకు తీసేశారా అన్నది అంతకంటే గట్టి కొలత. ఆ కొలతతో చూసినప్పుడు 'భీమ్లా నాయక్' సంగీతంలో మెచ్చుకోవలసినది ఎక్కడుందో, అది ఎక్కడ ఆగిపోయిందో రెండూ స్పష్టమవుతాయి.

వాద్యాల అలవాటు భాష

ఒకే స్వరాన్ని ఒకే స్థాయిలో వేణువు మీద, వీణ మీద, వయొలిన్ మీద పలికించినా చెవి వాటిని వేర్వేరుగా గుర్తుపడుతుంది. ఈ తేడాను కలిగించే లక్షణాన్ని నాదగుణం అనవచ్చు. మూలస్వరంతో పాటు దాని పైన వినిపించే అనుస్వరాలలో ఏవి బలంగా ఉన్నాయి, శబ్దం ఎంత త్వరగా పుట్టింది, ఎంతసేపు నిలిచింది అన్న అంశాలన్నీ కలిసి ఈ గుణాన్ని ఏర్పరుస్తాయి. నేపథ్య సంగీతం, అంటే పాటగా కాక దృశ్యం వెనుక వినిపించే సంగీతం, ఎక్కువగా ఆధారపడేది ఈ గుణం మీదనే. ఎందుకంటే సంభాషణ నడుస్తున్నప్పుడు ప్రేక్షకుడు వరుసను పట్టించుకోకపోయినా నాదగుణాన్ని పట్టించుకుంటాడు, అది దుఃఖమో భయమో పల్లెటూరో తనకు తెలియకుండానే గ్రహిస్తాడు.

మద్రాసు స్టూడియోల కాలంలో తెలుగు సినిమాకు ఒక స్థిరమైన వాద్యబృందం ఏర్పడింది. వయొలిన్ల వరుస, చెల్లో, డబుల్ బేస్, క్లారినెట్, ట్రంపెట్, అకార్డియన్, మాండొలిన్ వంటి పాశ్చాత్య వాద్యాల పక్కన సితారు, వీణ, వేణువు, తబలా, డోలక్ చేరి, వాటి మధ్య ఒక అలవాటు భాష పుట్టింది. వీణ అంటే సంప్రదాయం, షెహనాయి అంటే విషాదమో పెళ్లో, పిల్లనగ్రోవీ డోలక్కూ కలిస్తే పల్లెటూరు అన్న ఒప్పందం సంగీతదర్శకుడికీ ప్రేక్షకుడికీ మధ్య కుదిరింది. కడప జిల్లా నుంచి వెళ్లిన బి.ఎన్. రెడ్డి 1951లో తీసిన 'మల్లీశ్వరి' వంటి కళాఖండంలో సాలూరి రాజేశ్వరరావు సంగీతం ఆ బృందం నుంచే అపురూపమైన సౌకుమార్యాన్ని రాబట్టింది. రాయలనాటి కథలో యక్షగానానికి కూడా చోటు దొరికింది. అయితే ఆ భాషలో పల్లె అంటే ఏ పల్లె అన్న వివరానికి తావు లేదు. ఆదోని పల్లెకూ అమలాపురం పల్లెకూ అదే డోలక్ సరిపోయేది.

ఈ ఒప్పందాన్ని తప్పించి, బృందంలో లేని వాద్యాన్ని కథ మధ్యకు తెచ్చినప్పుడు దానిని అసాధారణ వాద్యప్రయోగం అంటారు. ఆ వాద్యం పాతదైనా కావచ్చు, కొత్తదైనా కావచ్చు, ఒక్కోసారి ఆ ప్రయోగం అలవాటైన వాద్యాలలో కొన్నింటిని తీసేయడం కూడా కావచ్చు.

ఒకే వాద్యం మోసిన సినిమాలు

ప్రపంచ సినిమాలో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ 1949లో కరోల్ రీడ్ తీసిన 'ది థర్డ్ మ్యాన్'. రెండో ప్రపంచయుద్ధంలో దెబ్బతిన్న వియన్నా నగరంలో నడిచే ఆ నేరకథకు వాద్యబృందం లేదు. ఆ నగరపు మధుశాలల్లో జితర్ వాయించుకునే ఆంటన్ కరాస్ ఒక్కడే సినిమా మొత్తానికి సంగీతం సమకూర్చాడు. జితర్ అంటే బల్ల మీద పెట్టుకుని వేళ్లతో మీటే బహుతంత్రీ వాద్యం. భయానక దృశ్యం మీద కూడా మధుశాల సంగీతం నిర్లక్ష్యంగా సాగిపోవడం వల్ల, ఆ నగరం ఎవరి చావునూ పట్టించుకోదన్న భావం మాటల్లో చెప్పకుండానే తెలుస్తుంది. ఇక్కడ జితర్ వియన్నాలో తాను రోజూ చేసే పనినే సినిమాలోనూ చేసింది. దాని బలం అందులోనే ఉంది.

బెర్నార్డ్ హెర్మన్ 1960లో 'సైకో'కు మరో దారి పట్టాడు. ఊదే వాద్యాలను, చర్మవాద్యాలను పూర్తిగా వదిలేసి కేవలం కమానుతో వాయించే తంత్రీవాద్యాలతోనే సంగీతమంతా కూర్చి, మృదువైన భావాలకు పేరుపడ్డ వయొలిన్లతో కత్తిపోట్లను వినిపించాడు. మన దేశంలో 1954 నాటి హిందీ చిత్రం 'నాగిన్' ఇందుకు భిన్నమైన పాఠం చెబుతుంది. హేమంత్ కుమార్ సంగీతంలో దేశమంతటినీ ఊపిన ఆ నాగస్వరం నిజానికి పాములవారి బూర నుంచి వచ్చినది కాదు. కల్యాణ్‌జీ వాయించిన క్లావియోలిన్ అనే విద్యుత్ వాద్యానికి హార్మోనియం జోడించి ఆ ధ్వనిని పుట్టించారు. వినేవారి మనసులోని వాద్యాన్ని అనుకరణతో కూడా పలికించవచ్చునని ఆ సంగీతం నిరూపించింది. నేడు ఏ వాద్యపు స్వరమైనా నమూనాగా కంప్యూటరులో దొరుకుతున్నప్పుడు, నిజమైన వాద్యాన్ని దాని కళాకారుడితో సహా ఎందుకు పిలవాలి అన్న ప్రశ్నకు మూలం కూడా అక్కడే ఉంది.

తెలుగులో ఆ ప్రశ్నకు తొలి గట్టి జవాబు 'మా భూమి'. బి. నర్సింగరావు నిర్మాణంలో, గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో తెలంగాణ సాయుధపోరాటం మీద వచ్చిన ఆ చిత్రంలో గద్దర్ గొంగడి భుజాన వేసుకుని తెర మీదికి వచ్చి, బండి యాదగిరి రాసిన పోరాటపాటను పాడాడు. ఆ పాట పుట్టిన సభలలో అది ఏ పని చేసిందో సినిమాలోనూ అదే పని చేసింది. 'భీమ్లా నాయక్'లో కిన్నెరను అంచనా వేయడానికి తగిన ముందుతరం ఉదాహరణ ఇదే.

కిన్నెర కట్టు

కిన్నెర దండవీణ జాతికి చెందిన వాద్యం. వాద్యాలను వర్గీకరించడానికి 1914లో హార్న్‌బోస్టెల్, జాక్స్ అనే ఇద్దరు పండితులు రూపొందించిన పద్ధతిని నేటికీ లోకమంతా వాడుతోంది. దాని ప్రకారం, తంత్రులను మోసే దండమే వాద్యానికి అసలు శరీరమై, నాదాన్ని పెంచే బుర్రలు దానికి తగిలించినవి మాత్రమే అయి, వాటిని ఊడదీసినా వాద్యం వాద్యంగా మిగిలేవి జితర్ కుటుంబం కిందికే వస్తాయి. ఆ లెక్కన కరాస్ వాయించిన వాద్యమూ మొగిలయ్య వాయించే వాద్యమూ దూరపు చుట్టాలు.

వెదురు దండానికి ఎండిన సొరబుర్రలు కట్టి, దాని మీద తంత్రులు సాగదీసి, వాటిని బిగించడానికి బిరడాలు అమర్చి, స్వరస్థానాల దగ్గర మెట్లు నిలుపుతారు. మెట్టు అంటే తంత్రిని వేలితో అదిమినప్పుడు దాని పొడవును నిర్ణయించే చిన్న అడ్డపట్టీ. పన్నెండు మెట్ల కిన్నెర అన్న పేరు వీటి సంఖ్యను బట్టి వచ్చినదే. ఈ మెట్లకు పూర్వం అలుగు అనే అడవి జంతువు పొలుసులను వాడి, తేనెమైనంతో అతికించేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో అలుగు ఉన్నందున ఆ పదార్థానికి ఇప్పుడు ప్రత్యామ్నాయం వెతుక్కోవలసిందే. వాద్యం తలకు నెమలి ఈకలు, పక్షి బొమ్మ అలంకారాలు.

మైనం మీద మెట్లు నిలపడం మోటుపని అనుకోవడం పొరపాటు. కర్ణాటక సంగీతంలో సరస్వతీ వీణకు ఉండే 24 మెట్లను కూడా మైనం మీదనే నిలుపుతారు. వైణికుడి చెవికి తగినట్టు మెట్టును వెంట్రుకవాసి జరపగలగడం ఆ పద్ధతిలోని సౌలభ్యం. పియానోలో పక్కపక్క స్వరాల మధ్య దూరాలన్నీ ముందే సమానంగా కొలిచి పెట్టినవి కాగా, కిన్నెర స్వరాలు వాయించేవాడి గొంతును అనుసరించి కుదురుకుంటాయి. అందువల్ల గొంతూ వాద్యమూ ఒకదానికొకటి అతికినట్టు ఉంటాయి గాని, అదే కిన్నెరను కీబోర్డు పక్కన నిలిపినప్పుడు స్వరం కొద్దిగా పక్కకు పోయినట్టు వినిపిస్తుంది. ఆ కొద్దిపాటి తేడాను సవరించి చెరిపేయాలా, అలాగే ఉంచాలా అన్నది సంగీతదర్శకుడి అభిరుచికి పరీక్ష.

ఈ నిర్మాణమే దాని నాదగుణాన్ని కూడా నిర్ణయిస్తుంది. సన్నని దండం మంద్రస్వరాలను గట్టిగా మోయలేదు, పలుచని సొరబుర్ర శబ్దాన్ని త్వరగా బయటికి విసిరి త్వరగా ఊరుకుంటుంది. అందువల్ల మీటిన స్వరం పొడిగా, చురుగ్గా పుట్టి, వెంటనే కరిగిపోతుంది. సాగదీసే పాటకు కాక, మాట వెంట మాటగా నడిచే కథనానికి ఈ గుణం సరిగ్గా సరిపోతుంది. మాట ముగిసిన చోట ఒక మీటు వేసి, తరువాతి మాటకు దారి విడిచి తప్పుకోవడం దాని స్వభావం. పెద్ద డ్రమ్ముల పక్కన పెడితే మాత్రం అది వినిపించదు.

శ్రీశైలం నుంచి డక్కలివారి దాకా

కిన్నెర చరిత్ర ఈ ప్రాంతంలో చాలా పాతది. 13వ శతాబ్దంలో దేవగిరి యాదవరాజు సింఘణుడి ఆస్థానంలో ఉన్న శార్ఙ్గదేవుడు 'సంగీతరత్నాకరం'లో కిన్నరీ వీణను, అందులో లఘువు, బృహతి అనే భేదాలను వివరించాడు. ఇంచుమించు ఆ కాలంలోనే పాల్కురికి సోమనాథుడు 'బసవపురాణం'లో కిన్నెర వాయించి శివుణ్ణి సేవించిన కిన్నర బ్రహ్మయ్య కథ చెప్పాడు. ఆ కవే 'పండితారాధ్య చరిత్ర'లో పర్వత ప్రకరణం పేరుతో శ్రీశైలాన్ని, శివరాత్రికి అక్కడికి తరలివచ్చే భక్తుల పాటలను, ఆటలను విస్తారంగా వర్ణించాడు. శాస్త్రగ్రంథంలోనూ శైవ భక్తుల వీధిలోనూ ఒకేసారి కనిపించిన ఈ వాద్యం, కాలక్రమంలో ఆస్థానాల నుంచి తప్పుకుని ఆశ్రిత కులాల కళాకారుల చేతుల్లో నిలిచింది.

ఆశ్రిత కళాకారులంటే ఒక నిర్దిష్ట కులానికి ఆ కులపు పుట్టుపూర్వోత్తరాలు చెప్పడమే వృత్తిగా ఉన్నవారు. ఫలానా ఊళ్లలో అడిగే హక్కు ఫలానా కుటుంబానిదన్న కట్టుబాటును మిరాశీ అంటారు. డక్కలివారు మాదిగల వంశక్రమాన్ని, జాంబపురాణాన్ని కిన్నెర మీటుతూ చెబుతారు. తాత ఎవరు, ముత్తాత ఎవరు, ఏ ఊరి నుంచి ఏ ఊరికి వచ్చారు అన్న జ్ఞాపకం కాగితం మీద లేని సమాజంలో, ఆ జ్ఞాపకానికి దస్తావేజు ఈ వాద్యమే. ఆ పరంపర నుంచి వచ్చిన మొగిలయ్య పాలమూరు ప్రాంతపు వీరులైన పండుగ సాయన్న, మియాసాబ్‌ల కథలను కూడా కిన్నెర మీద పాడతారు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించగల అతి కొద్దిమందిలో ఒకరైన ఆయనకు 2022లో పద్మశ్రీ ప్రకటించారు.

పేరు పెట్టిన క్షణం

ఈ నేపథ్యం తెలిసి శీర్షిక గీతాన్ని మళ్లీ వింటే దాని నిర్మాణం కొత్తగా అర్థమవుతుంది. రామజోగయ్య శాస్త్రి రాసిన ఆ పాట ఆరంభంలో మొగిలయ్య కథానాయకుడి శౌర్యాన్ని పొగడడంతో మొదలుపెట్టరు. అతడు పుట్టిన చోటు మేడ కాదని, గుట్టా వాగూ ఉన్న ఒక తండా అని, బ్రహ్మజెముడు చెట్టు కింద తెల్లవారుజామున పుట్టాడని చెప్పి, ఆ తరువాత తల్లి పేరు, తండ్రి పేరు, తాత పేరు వరుసగా చెప్పుకుంటూ పోయి, పేరు పెట్టిన ముత్తాత దగ్గర ఆగి, అక్కడ నాయకుడి పేరు పలుకుతారు. ఇది అచ్చంగా వంశం చెప్పే కళాకారుడి పద్ధతి. చోటు, వేళ, తల్లిదండ్రులు, పూర్వికులు అన్న క్రమం పాటకు ప్రాసకోసం కుదిరినది కాదు, ఆ కళారూపపు వ్యాకరణం నుంచి వచ్చినది.

అంటే ఇక్కడ సినిమా కిన్నెర ధ్వనిని మాత్రమే తెచ్చుకోలేదు, దాని ఉద్యోగాన్ని కూడా తెచ్చుకుంది. డక్కలివారి కళలో వంశం చెప్పించుకునే హక్కు ఆయా కులానికి ఉంటుంది. పాటలో ఆ గౌరవం నల్లమల తండాలో పుట్టిన పోలీసు అధికారికి దక్కింది. అతనికి ఎదురుగా కథలో నిలిచిన డేనియల్ శేఖర్ పలుకుబడిగల కుటుంబం నుంచి వచ్చినవాడు, తన తండ్రి పేరు చెప్పుకుంటే పని జరుగుతుందన్న నమ్మకంతో పెరిగినవాడు. కథ మొత్తం ఎవరి వెనుక ఎవరున్నారు అన్న తగువు మీదనే నడుస్తుంది కాబట్టి, కాగితం మీద పలుకుబడి లేని మనిషికి కూడా నాలుగు తరాల చరిత్ర ఉందని కిన్నెర ముందుగానే ప్రకటించడం కథార్థానికి మూలస్తంభంగా నిలుస్తుంది.

నాదగుణం దృష్ట్యా కూడా ఆ ఆరంభం శ్రద్ధగా వినదగినది. గాయకుడి మాట తాళానికి కట్టుబడి కాక, ఊపిరికి కట్టుబడి సాగుతుంది. ఒక పేరు చెప్పి, కిన్నెర మీటి, తరువాతి పేరుకు వెళ్లే ఈ నడకను తాళరహిత కథనం అనవచ్చు. సినిమా రికార్డింగులో మామూలుగా కళాకారుల చెవిలో లయను కొలిచే టిక్కుటిక్కు శబ్దం వినిపిస్తూ ఉంటుంది, అన్ని వాద్యాలూ దాన్ని పట్టుకునే వాయించాలి. జానపద కథకుడి ఊపిరి ఆ కొలతకు లొంగదు కనుక, అతనికి చోటివ్వాలంటే మిగిలిన వాద్యాలు ఆగి నిలబడాలి. లయవాద్యకారుడిగా సంగీత జీవితం మొదలుపెట్టి, డ్రమ్ముల జోరుకు పేరుపడ్డ తమన్ ఆ పాట మొదట్లో డ్రమ్ములను ఆపి ఉంచడమే ఇక్కడ చేసిన అసలు స్వరకల్పన.

నాయకుడి పేరు పలికిన క్షణంలో దరువు ప్రవేశిస్తుంది. అంతవరకు గతం, అక్కడి నుంచి వర్తమానం. వంశం చెప్పడం ముగిసి, ఆ వంశంలోని మనిషి నడిచివచ్చే అడుగు మొదలైందన్న భావం ఆ మలుపులో ఉంది. శ్రీకృష్ణ, పృథ్వీచంద్ర, రామ్ మిరియాల గొంతులతో సాగే ఆ తరువాతి భాగం వాణిజ్య సినిమా శీర్షిక గీతానికి అలవాటైన వేగంతో నడుస్తుంది. కిన్నెర మాత్రం అక్కడితో దాదాపు విరమిస్తుంది. పాట పొడవునా అది సంభాషణలో ఉండి, దరువుకూ మీటుకూ మధ్య ఒక వాదప్రతివాదం నడిచి ఉంటే ఈ ప్రయోగం మరింత లోతుకు వెళ్లేది.

మిగిలిన సంగీతం, మలయాళ మూలం

అదే చిత్రంలోని 'అడవి తల్లి మాట' పాట కుమ్మరి దుర్గవ్వ, సాహితి చాగంటి గొంతుల్లో వినిపిస్తుంది. శిక్షణ పొందని గొంతులో ఉండే బరుకుదనం ఇక్కడ వాద్యం చేసే పనిని చేస్తుంది. తగువు పెట్టుకున్న ఇద్దరినీ ఉద్దేశించి అడవి తరఫున హితవు చెప్పే పాట అది. అలాంటి మాట నునుపైన గొంతు నుంచి వస్తే సలహాలా వినిపించేది, దుర్గవ్వ గొంతు నుంచి రావడం వల్ల ఇంటి పెద్దావిడ మందలింపులా వినిపిస్తుంది. దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచేది 'లాలా భీమ్లా'. అందులో డప్పుల మోత, కేక, హెచ్చిన వేగం తప్ప వేరే వాద్యానికి చోటు లేదు. థియేటరులో అది బలంగా పనిచేస్తుంది గాని, ఏ అడవిదో ఏ ఊరిదో చెప్పదు.

ఈ చిత్రానికి మూలమైన మలయాళ 'అయ్యప్పనుం కోషియుం' 2020లో సచి దర్శకత్వంలో వచ్చింది. కేరళలోని అట్టప్పాడి కొండల్లో జరిగే ఆ కథకు జేక్స్ బిజోయ్ సంగీతం కూర్చాడు. అక్కడి ఇరుల తెగకు చెందిన నంజియమ్మ తమ భాషలో పాడిన పాట ఆ సినిమాకు గుర్తుగా నిలిచింది. 68వ జాతీయ సినిమా పురస్కారాల్లో ఆమెకు ఉత్తమ నేపథ్య గాయని పురస్కారం రాగా, అదే జాబితాలో తమన్‌కు 'అల వైకుంఠపురములో' పాటలకు ఉత్తమ సంగీతదర్శకుడి పురస్కారం వచ్చింది. మలయాళ సంగీతం ఒక గొంతును ఎన్నుకుంటే, తెలుగు సంగీతం గొంతుతో పాటు వాద్యాన్ని కూడా ఎన్నుకుంది. కథ అట్టప్పాడి నుంచి నల్లమలకు మారినప్పుడు నంజియమ్మ పాటకు అనువాదం వెతకకుండా, నల్లమలకు సొంతమైన కళారూపాన్ని వెతకడం సరైన నిర్ణయం. పునర్నిర్మాణ చిత్రాల్లో దృశ్యాలు మక్కీకి మక్కీ దిగుమతి అవుతుంటాయి కాబట్టి ఈ తేడా గమనించదగినది.

సీమలో వినిపించని వాద్యాలు

కర్నూలు, కడప జిల్లాలు తెలుగు తెర మీద కొత్తవి కావు. 1999 నాటి 'సమరసింహారెడ్డి' తరువాత కొన్నేళ్ల పాటు రాయలసీమ అంటే సుమోలు, బాంబులు, వేటకొడవళ్లు అన్న ముద్ర పడింది. 2003లో 'ఒక్కడు' కర్నూలు కొండారెడ్డి బురుజును రాష్ట్రమంతటికీ పరిచయం చేసింది. ఈ సినిమాలలో నేల కనిపించింది, యాస వినిపించింది, సంగీతంలో మాత్రం ఆ నేల వినిపించలేదు. పగకు ఒక డ్రమ్ము, కన్నీటికి ఒక వేణువు అన్న పాత ఒప్పందమే కొనసాగింది.

అప్పటి కడప జిల్లాలోని కోయిలకుంట్లలో 1847 ఫిబ్రవరి 22న ఉరితీయబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ ఇందుకు మంచి నిదర్శనం. ఆ పాలెగాడి జ్ఞాపకం సీమలో ముందుగా జానపద వీరగాథల్లో నిలిచింది. 2019లో వచ్చిన 'సైరా నరసింహారెడ్డి' ఆ కథను దేశమంతటికీ చెప్పదలచుకుంది గనుక, అమిత్ త్రివేది పాటలు, జూలియస్ పాకియం నేపథ్య సంగీతం భారీ వాద్యబృందాన్ని, బృందగానాన్ని ఆశ్రయించాయి. దానివల్ల కథకు పరిమాణం వచ్చింది గాని, ఆ కథను 170 ఏళ్లు మోసిన గాయకుల చేతి ధ్వని వెనుకబడింది.

కడప జిల్లా నుంచి వచ్చిన పెంచల్ దాస్ 2018లో 'కృష్ణార్జున యుద్ధం'కు రాసి పాడిన 'దారి చూడు', అదే ఏడాది 'అరవింద సమేత వీరరాఘవ'కు రాసిన 'రెడ్డమ్మ తల్లి' పాటలతో సీమ పలుకుబడికీ ఏడుపు వరుసకూ సినిమాలో చోటు దొరికింది. అది ఒక మెట్టు. భాష వచ్చిన చోటికి వాద్యం రావడం తరువాతి మెట్టు.

అలా రాదగిన వాద్యాలు సీమలో కొదవలేదు. ఆదోని, ఆలూరు, పత్తికొండ ప్రాంతాల్లో మల్లయ్య భక్తులైన గొరవయ్యలు ఎలుగుబంటి వెంట్రుకల టోపీ, నల్లకంబళి ధరించి, ఒక చేత డమరుకం, మరో చేత పిల్లనగ్రోవి పట్టి ఆడతారు. ఒకే మనిషి లయనూ స్వరాన్నీ మోసే ఈ పద్ధతి దేవరగట్టు మాళమల్లేశ్వర స్వామి కొండ వంటి చోట్ల భవిష్యవాణికి, పూనకానికి ముడిపడి ఉంటుంది. రాబోయే ఆపదను సూచించవలసిన దృశ్యానికి అంతకంటే సహజమైన ధ్వని ఈ ప్రాంతంలో లేదు. అనంతపురం వైపు వినిపించే ఉరుము అనే చర్మవాద్యాన్ని పుల్లతో కొట్టడమే కాక రాపాడించి గర్జన లాంటి ధ్వని రాబడతారు. వాన కోసం ఎదురుచూసే నేలలో దాని అర్థం వివరించనక్కర్లేదు. కడప పల్లెల చెక్కభజనలో చేతిచెక్కలకు కట్టిన గజ్జెలు, పదుల మంది అడుగులు కలిసి ఒకే లయను కడతాయి. సమష్టి నిర్ణయాన్ని, ఊరి కట్టును వినిపించడానికి అది తగినది.

ఈ వాద్యాలను సినిమాకు తేవడంలో ఇబ్బంది లేకపోలేదు. నమూనాల రూపంలో అవి దొరకవు, వాటి శ్రుతి కీబోర్డుకు కుదరదు, కళాకారుణ్ణి పిలిచి, అతని లయకు తగినట్టు దృశ్యాన్ని కత్తిరించుకోవాలి. పైగా ఒక్క పాటతో వచ్చిన పేరు కళాకారుడి బతుకుతెరువు కాదు. పద్మశ్రీ అందుకున్న రెండేళ్లకే మొగిలయ్య కూలిపనికి వెళుతున్నారని 2024లో పత్రికలు రాశాయి. పాట ఆరంభంలో ఒకసారి వినిపించి ఊరుకునే వాద్యానికీ, సినిమా తరువాత సినిమాలో పని దొరికే వాద్యానికీ మధ్య తేడా కళాకారుడి ఇంట్లో ఇలా లెక్క తేలుతుంది. వయొలిన్ విద్వాంసులకు మద్రాసు స్టూడియోలు దశాబ్దాల పాటు నెలనెలా పని చూపించినందువల్లనే వారి కౌశలం తరువాతి తరానికి అందింది.

కాబట్టి అరుదైన వాద్యం ఉన్న సంగీతాన్ని వినే శ్రోత మూడు విషయాలు గమనిస్తే చాలు. ఆ వాద్యం తన ఊళ్లో చేసే పని ఏమిటి, కథలో దానికి ఆ పని దొరికిందా, దొరికిన పనిని చివరిదాకా చేయనిచ్చారా అన్నవి ఆ మూడు. 'భీమ్లా నాయక్' శీర్షిక గీతం మొదటి రెండింటిలో నిండుగా నెగ్గింది, మూడోదానిలో సగంలో ఆగింది. ఆ సగాన్ని పూర్తిచేసే అవకాశం సీమ కథ తీయబోయే ప్రతి సంగీతదర్శకుడికీ ఉంది. దానికి కావలసినది ముందుగా వరుస కట్టుకుని తరువాత వాద్యం వెతకడం కాదు, వాద్యాన్నీ దాని కళాకారుణ్ణీ ముందు కూర్చోబెట్టుకుని అతని ఊపిరి నుంచి వరుస కట్టుకోవడం.